పిల్లలతో అండమాన్: ఏ ఒడ్డు, ఏ పొద్దు?

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే దిక్కునుంచి వచ్చాయి. రామనగుడ, గునుపురం, రాయగడ. పత్తి అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు కదా, పిల్లలకు సముద్రం చూపించాలన్న కోరిక చాలా ఇళ్ళలో ఒకేసారి పుట్టినట్టుంది. కొండల మధ్య పెరిగిన పిల్లలు మొదటిసారి చూడబోయే సముద్రం అండమాన్‌ది అయితే అంతకంటే ఏం కావాలి! అందుకే ఈ ఉత్తరాలకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

సందేహం: సంక్రాంతి వెళ్ళాక అండమాన్ పోదామని మా ఆయన పట్టుదల. పాపకి అయిదేళ్ళు, బాబుకి పదకొండు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారూ వస్తారు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఆరు బీచ్‌ల పేర్లున్నాయి: కార్బిన్స్ కోవ్, రాధానగర్, కాలాపత్థర్, ఎలిఫెంట్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అన్నీ చూడాల్సిందేనా? పిల్లలకు ఏది మంచిది?
– ఒక గృహిణి, రామనగుడ

సమాధానం: అమ్మా, ఆరూ వద్దు. నీళ్ళలో దిగడానికి రెండు చాలు. మిగతావి దారిలో కనిపిస్తే చూసి వచ్చేయండి.

బీచ్ ఎంచుకునేటప్పుడు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను, అందరికంటే పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకోవాలి. పాప చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి పదడుగులు వెయ్యండి. అప్పటికీ నీళ్ళు పాప మోకాలి దగ్గరే ఉంటే ఆ ఒడ్డు వాలు తక్కువ, పిల్లలకు పనికొస్తుంది. మూడో అడుగుకే నడుము దాటితే అది ఎంత పేరున్న బీచ్ అయినా మీది కాదు. ఇక అత్తగారికి బండి దిగిన చోటికి దగ్గరలో నీడ, కూర్చునే చోటు, మరుగుదొడ్డి కావాలి.

ఈ రెండు లెక్కలకూ సరిపోయేది రాధానగర్. హేవ్‌లాక్ దీవిలో పడమటి ఒడ్డున ఉంది. ఆ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, టికెట్ మీద ఆ పేరుంటే కంగారుపడకండి. పోర్ట్ బ్లెయిర్‌కి కూడా 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. రాధానగర్‌లో తెల్లని మెత్తని ఇసుక, రాళ్ళు లేని అడుగు, ఇసుక అంచుదాకా పెద్ద పెద్ద చెట్లు. అత్తగారు ఆ చెట్ల నీడన కూర్చుని మనవల్ని చూసుకోవచ్చు. 2020లో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. మన విశాఖ రుషికొండ, పూరీ గోల్డెన్ బీచ్ కూడా ఆ జాబితాలోవే. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, కాపలా ఉండే లైఫ్‌గార్డులు, ఇలా 33 షరతులు చూసి ఆ గుర్తింపు ఇస్తారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒడ్డు అందం కంటే ఈ సదుపాయాలే అక్కరకొస్తాయి.

రెండోది షహీద్ ద్వీప్‌లోని భరత్‌పూర్. పాత పేరు నీల్ దీవి. నీళ్ళు చాలాదూరం లోతు లేకుండా, అల లేకుండా చెరువులా ఉంటాయి. అడుగున అద్దమున్న పడవలో కూర్చుంటే పాప, నానమ్మ ఇద్దరూ ఒళ్ళు తడవకుండా పగడాలు చూడొచ్చు. కానీ ఇక్కడ వేళ ముఖ్యం. నీరు తీసినప్పుడు అడుగునున్న పగడపు రాళ్ళు పైకి తేలతాయి. అవి కత్తుల్లా ఉంటాయి. మా మనవడి పాదం అలాగే తెగింది. పోటు ఇంకా రాలేదని తెలిసీ వాణ్ణి నీళ్ళలోకి దింపిన తప్పు నాదే. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. అందుకే పాపకు రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కొనండి. తెగితే మంచినీళ్ళతో బాగా కడిగి మందు రాయండి, ఇసుక లోపల ఉండనివ్వకండి.

ఎలిఫెంట్ బీచ్‌కు మీ ఆయన, బాబు పడవలో వెళ్ళి రావచ్చు. ఒడ్డు పక్కనే పగడాలుంటాయి, ముఖానికి అద్దాలు పెట్టుకుని చూడటానికి అదే మంచి చోటు. అత్తగారికి మాత్రం వద్దు. కాలాపత్థర్ తూర్పు ముఖం, నల్లరాళ్ళు. పొద్దున్నే రోడ్డు మీంచి సూర్యోదయం చూసి వచ్చేయండి. లక్ష్మణ్‌పూర్‌లో రాతి వంతెన ఉన్న వైపు పాచి పట్టిన రాళ్ళ మీద నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను అటు తీసుకెళ్ళొద్దు. కార్బిన్స్ కోవ్ పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళోనే ఉంది, విమానం దిగిన సాయంత్రం కొబ్బరిచెట్ల కింద కూర్చోవడానికి బాగుంటుంది.

ఇంకో మాట. మనకంటే ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం ఇక్కడిదే. జనవరిలో సాయంత్రం అయిదుంబావుకే పొద్దు గుంకుతుంది. ఇక్కడి అలవాటుకొద్దీ నాలుగున్నరకు టీ తాగి బయల్దేరితే చీకట్లోనే దిగుతారు. మధ్యాహ్నం రెండున్నరకల్లా రాధానగర్‌లో ఉండండి.

సందేహం: మా పిల్లలు ఏటిలో పెరిగినవాళ్ళు. వంశధారలో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఈదుతారు. పదో తరగతి పిల్లలు పన్నెండుమందితో దీవులకు వెళ్తున్నాం. వీళ్ళకు కూడా లైఫ్ జాకెట్లు అవసరమా?
– ఒక ఉపాధ్యాయుడు, గునుపురం

సమాధానం: మాస్టారూ, అవసరం. ఈతరాని పిల్లల గురించి నాకు అంత బెంగ లేదు. వాళ్ళు భయంతో ఒడ్డునే ఉంటారు. ఏటిలో ఈదగలిగిన పిల్లల గురించే నా భయం.

ఏరు ఒకే దిక్కుకు పోతుంది. ఎటు లాగుతుందో మీ పిల్లలకు తెలుసు. వాలుకు ఏటవాలుగా ఈది అవతల తేలడం చిన్నప్పుడే నేర్చుకున్నారు. సముద్రం అలా కాదు. అల నీటిని ఒడ్డుకు తెచ్చి పోస్తుంది. ఆ పోసిన నీరంతా మళ్ళీ లోపలికి వెళ్ళాలి కదా, ఒక చోట సందు చూసుకుని పాయలా వెనక్కి లాగుతుంది. మన శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుల్లో ఏటా ప్రాణాలు తీసేది ఈ పాయే. ఒలింపిక్స్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేనంత వేగం ఒక్కోసారి దానికి ఉంటుంది.

దాన్ని గుర్తుపట్టడం పిల్లలకు నేర్పండి. నీళ్ళలోకి దిగకముందు పది నిమిషాలు ఒడ్డున నిలబెట్టి చూడమనండి. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా, నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడ అలలు లేవు కదా అని అటే వెళ్తారు. ఆ ప్రశాంతమే పాయ. ఇసుక కలిసి బురదగా కనిపించినా, నురగ గానీ ఆకులు గానీ లోపలికి కొట్టుకుపోతున్నా అదే గుర్తు.

చిక్కుకుంటే? ఒడ్డు వైపు ఈదకూడదు. ఏటిలో పెరిగిన పిల్లవాడికి ఇది ఒంటబట్టడం కష్టం, ఎందుకంటే ఒడ్డు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. వెల్లకిలా తేలాలి, ఒక చెయ్యి పైకెత్తి పిలవాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటినుంచి బయటకు రావాలి. పాయ నీటి అడుక్కి లాగదు, దూరానికి మాత్రమే తీసుకెళ్తుంది. చాలామంది దానికి ఎదురీది, ఆ అలుపులో మునిగిపోతారు. ఈ మాట బయల్దేరే ముందు బడిలోనే రెండుసార్లు చెప్పండి.

రాధానగర్‌లోనైనా ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యనే పిల్లల్ని దింపండి. లైఫ్‌గార్డు కన్ను ఉండేది ఆ మధ్యలోనే. ఒట్టి ఎర్రజెండా ఉంటే ఆ రోజుకు నీళ్ళలోకి దిగొద్దు. పన్నెండుమందినీ ఇద్దరిద్దరిగా జతచేసి, ఒకరి లెక్క ఇంకొకరు చూసుకునేలా పెట్టండి. మీరు మాత్రం దిగకుండా ఒడ్డున నిలబడి తలలు లెక్కపెడుతూ ఉండండి.

ఆ దీవుల్లో తెలుగు వినిపిస్తుంది, మాస్టారూ. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వెళ్ళిన కుటుంబాలవాళ్ళు, వాళ్ళలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. కొత్త ఒడ్డుకు వెళ్ళగానే అక్కడున్న జాలరిని మన భాషలోనే అడగండి: "బాబూ, ఇక్కడ నీరు ఎటు లాగుతుంది?" అని. ఆ జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

సందేహం: అండమాన్ బీచ్‌ల్లో మొసళ్ళుంటాయట, నిజమేనా? విన్నప్పటినుంచి మా ఆవిడ ప్రయాణం మానేద్దామంటోంది.
– ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: నిజమే. మన భితరకనికలో ఒడియావాళ్ళు 'బౌలా కుంభీర' అనే ఉప్పునీటి మొసలే అక్కడా ఉంటుంది. 2010లో రాధానగర్ పక్కనున్న ఒక చిన్న కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. వాండూర్‌లో, చిడియా టాపూలో ఈతకు నిషేధమని బోర్డులుంటాయి.

అయినా ప్రయాణం మానుకోవాల్సిన పనిలేదు. మొసలి ఉండే చోటు మడ అడవి. మడ చెట్ల మధ్యనుంచి గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోటు కనిపిస్తే అక్కడ పాదం కూడా తడపకండి. తెల్లవారుజామున, మునిమాపున, జనం లేని చోట దిగకండి. బోర్డు ఉన్న చోట నలుగురు దిగారని మీరూ దిగొద్దు. పట్టపగలు, జనం మధ్య, లైఫ్‌గార్డు ఉన్న చోట దిగమని మీ ఆవిడకు చెప్పండి. ఆవిడ భయం మంచిదే, ఇంట్లో ఒకరికి ఆ భయం ఉండాలి.

సందేహం: మా అమ్మకు మాఘ పౌర్ణమి నాడు సముద్రస్నానం చెయ్యాలని కోరిక. ఆ రోజుకు దీవిలో ఉండేలా టికెట్లు చెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, రామనగుడ

సమాధానం: చెయ్యండి. కానీ ఒక సంగతి తెలుసుకుని చెయ్యండి.

పౌర్ణమికి, అమావాస్యకు సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉండి నీటిని కలిసి లాగుతారు. అందుకే ఆ రెండు తిథులకు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు బాగా పెరుగుతుంది, ఆటుకు నీరు బాగా తీస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రోజుల్లో పోటుకు, ఆటుకు మధ్య తేడా దాదాపు మనిషెత్తు ఉంటుంది. అష్టమి చుట్టూ ఆ తేడా సగానికి సగం తగ్గిపోతుంది. పంచాంగం ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ లెక్కకు ఫోను అక్కర్లేదు. చిన్నపిల్లలతో భరత్‌పూర్ లాంటి పగడాల ఒడ్డుకు వెళ్ళాలంటే అష్టమి, నవమి రోజులు మేలు.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. ప్రతిరోజూ అవి 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఈరోజు పది గంటలకు పోటు అయితే రేపు దాదాపు పదకొండుకి. దిగిన రోజున హోటలువాళ్ళనో జెట్టీ దగ్గరవాళ్ళనో ఒక్కసారి అడిగితే మిగిలిన రోజులన్నీ మీరే లెక్కకట్టుకోవచ్చు.

మీ అమ్మగారి స్నానం విషయానికొస్తే, పౌర్ణమినాడు రాధానగర్ ఇసుక మీదే చేయించండి, రాళ్ళున్న చోట వద్దు. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ లోతులో కూర్చోబెట్టి చెంబుతో పొయ్యండి. అల వైపు వీపు పెట్టనివ్వకండి. సముద్రానికి వీపు చూపించకూడదని మా ఊరి జాలర్లు అనేవారు. నేను ఈ రోజుకీ ఆ మాట పాటిస్తాను.

సందేహం: పిల్లలకు వేసవి సెలవుల్లోనే వీలు. మే నెలలో వెళ్ళొచ్చా? విశాఖనుంచి ఓడ మంచిదా, విమానమా?
– ఒక గుమాస్తా, రాయగడ

సమాధానం: నైరుతి రుతుపవనం మన దేశంలో మొదట అడుగుపెట్టేది అండమాన్‌లోనే, మామూలుగా మే మూడో వారానికల్లా. అది వచ్చాక పడమటి ముఖంగా ఉన్న రాధానగర్‌కే మొదట అల పెరుగుతుంది. సెలవులివ్వగానే ఏప్రిల్ చివర్లో వెళ్ళి వచ్చెయ్యండి. ఓడ రోజూ ఉండదు, రెండు రాత్రులకు పైగా సముద్రం మీద ఉండాలి, కడుపులో తిప్పుతుంది. ఓపికున్న కుర్రాళ్ళకు అది మరిచిపోలేని ప్రయాణం. చిన్నపిల్లలుంటే రాయగడలో రైలెక్కి విశాఖ చేరి, అక్కడినుంచి విమానంలో వెళ్ళండి. నేరుగా లేనప్పుడు చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో వెళ్ళాలి.

అంత ఖర్చు పెట్టలేకపోతే బాధపడకండి. మీ వైపు పారే వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పిల్లలకు తమ ఏరు చివరికి ఎక్కడ తేలుతుందో చూపించడం కూడా పెద్ద యాత్రే. ఏరు కలిసే చోట మాత్రం నీళ్ళలోకి దింపకండి, అక్కడ లాగుడు ఎక్కువ. నీళ్ళలో ఆడించాలంటే రుషికొండలో లైఫ్‌గార్డు ఉన్న చోట ఆడించండి.

సందేహం: నేను ఆరో తరగతి. అండమాన్‌లో బోలెడు గవ్వలు, పగడాలు ఉంటాయట కదా. మా స్నేహితులందరికీ తెస్తానని మాటిచ్చాను. ఎన్ని తెచ్చుకోవచ్చు?
– ఒక విద్యార్థిని, రామనగుడ

సమాధానం: తల్లీ, పగడం ఒక్కటి కూడా తేకూడదు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క అయినా సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. విమానాశ్రయంలో సంచులు వెతికి తీసేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు. గవ్వల్లో, శంఖాల్లో కూడా చాలా రకాలు అదే చట్టం కింద ఉన్నాయి. ఇసుకలో దొరికినవి ఇసుకలోనే ఉంచు.

అవి ఎవరికి పనికొస్తాయో నువ్వే చూడొచ్చు. రాధానగర్‌లో చెట్ల మొదట్లో, నీడ ఉన్న ఇసుకలో ఒక గవ్వ కనిపిస్తే తియ్యకు. రెండడుగుల దూరంలో కూర్చుని, కదలకుండా, మాట్లాడకుండా నూరు లెక్కపెట్టు. గవ్వ కింద ముందు రెండు సన్నటి మీసాలు కనిపిస్తాయి, తర్వాత కాళ్ళు. ఆ పీతకు పొట్ట మీద చిప్ప ఉండదు. ఎవరో వదిలేసిన గవ్వలో దూరి బతుకుతుంది, ఒళ్ళు పెరిగినకొద్దీ ఇంకా పెద్దది వెతుక్కుని ఇల్లు మారుతుంది. అది గవ్వను మోసుకుంటూ నడిచిపోతుంటే నీ నోటుపుస్తకంలో బొమ్మ వేసుకో. నీ స్నేహితులకు ఆ బొమ్మ చూపించు.