కెమెరా దారి చూపితే లేజరు దూరం కొలుస్తుంది

కొత్త ఊరికి బదిలీ మీద వెళ్లినప్పుడు మనం ఇంటి నుంచి బడికి దారి ఎలా నేర్చుకుంటాం? దారిలో ఉన్న ప్రతి గోడనూ ప్రతి చెట్టునూ ఒకే శ్రద్ధతో చూడం. పొడవాటి ప్రహరీ గోడకు ఒక్క చూపు చాలు. మలుపు దగ్గర, రోడ్డు దాటే చోట, మూత లేని కాలువ దగ్గర మాత్రం ఆగి జాగ్రత్తగా చూస్తాం. దూరాలు కొలిచే యంత్రాలకు కూడా ఈ తెలివి నేర్పవచ్చు. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లేజరు దూరాన్ని ఎలా కొలుస్తుంది?

కొండకు ఎదురుగా నిలబడి అరిస్తే కాసేపటికి ప్రతిధ్వని వినిపిస్తుంది. ఎంత ఆలస్యంగా వినిపిస్తే కొండ అంత దూరంలో ఉన్నట్టు. లైడార్ అనే పరికరం ఇదే పనిని కాంతితో చేస్తుంది. అది క్షణకాలం మెరిసే లేజరు కాంతిని పంపుతుంది. ఆ మెరుపు ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది.

కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక నానోసెకనులో, సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. మన పెద్ద స్కేలు పొడవు అంతే. కాంతి వెళ్లి రావాలి కాబట్టి కాలం కొలవడంలో ఒక్క నానోసెకను తేడా వస్తే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 15 మీటర్ల దూరంలోని గోడకు తగిలి రావడానికి కాంతికి పట్టేది 100 నానోసెకన్లే.

మరి ఇబ్బంది ఎక్కడ?

ఒక్కో మెరుపు ఒక్క బిందువు దూరాన్నే చెబుతుంది. ఎదుటి దృశ్యమంతా తెలియాలంటే లక్షల మెరుపులు పంపాలి. దానికి విద్యుత్తు కావాలి, సమయం కావాలి. పైగా వస్తువు రెట్టింపు దూరంలో ఉంటే తిరిగి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. పోనీ, లేజరు బలం పెంచుదామా అంటే దారిన పోయేవారి కళ్లకు హాని కలగకూడదు. కాబట్టి ఆ బలానికి ఒక హద్దు ఉంది.

జర్మనీలోని కార్ల్‌స్రూయె నగర వీధుల్లో ఒక కారుపై కెమెరాలు, 64 లేజర్లు తిరిగే లైడార్ అమర్చి సేకరించిన సమాచారం 2012 నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉంది. అందులో ఒక ఫోటోలో సుమారు 4 లక్షల 65 వేల చుక్కలు, అంటే పిక్సెళ్లు ఉంటాయి. లైడార్ దూరం చెప్పగలిగింది వాటిలో నూటికి సుమారు ఐదింటికే. మిగతాదంతా ఖాళీ.

మన చంద్రయాన్-1 లోనూ ఇదే కనిపిస్తుంది. 2008 అక్టోబరు 22న ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌకలో ఒక లేజరు పరికరం, ఒక భూతల చిత్రణ కెమెరా రెండూ ఉన్నాయి. లేజరు సెకనుకు 10 మెరుపులు పంపేది. ఆ ఒక్క సెకనులో నౌక చంద్రుడి నేల మీదుగా సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు సాగిపోయేది. అంటే కొలిచిన రెండు బిందువుల మధ్య సుమారు 150 మీటర్ల ఎడం. కెమెరా మాత్రం 5 మీటర్ల వివరాన్ని కూడా చూడగలిగేది. లేజరు కొలత నికరమైనది, కానీ బిందువులు కొన్నే. కెమెరా చూపు విశాలమైనది, కానీ ఒక్క ఫోటో దూరాన్ని నేరుగా చెప్పదు.

రెండూ చేయి కలిపితే

ఫోటోలో రంగు, వెలుగు హఠాత్తుగా మారే చోట సాధారణంగా ఒక వస్తువు ముగిసి మరొకటి మొదలవుతుంది. దూరం మారేది కూడా చాలావరకు అక్కడే. ఈ గమనికతో రెండు పనులు చేయవచ్చు.

మొదటిది ఖాళీలు పూరించడం. ఒకే రంగులో ఉన్న గోడ మీద కొన్ని బిందువుల దూరం తెలిస్తే, వాటి మధ్య ఉన్నవాటిని లెక్కగట్టవచ్చు. వస్తువు అంచు వచ్చినచోట ఆ లెక్క ఆపాలి. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డీబెల్, సెబాస్టియన్ త్రన్ ఈ పద్ధతిని చేసి చూపారు.

రెండోది ఎక్కడ కొలవాలో ముందే ఎంచుకోవడం. గుండ్రంగా తిరిగే లైడార్ అన్ని వైపులకూ ఒకేలా మెరుపులు పంచుతుంది. కొద్ది మిల్లీమీటర్ల అద్దాన్ని కదిపి లేజరును కావలసిన చోటికి తిప్పగలిగే లైడార్లు ఇప్పుడు వస్తున్నాయి. వాటికి కెమెరా దారి చూపగలదు. ఎక్కడ కొలవాలి, ఖాళీలు ఎలా పూరించాలి అనే రెండింటినీ కంప్యూటరు ఒకేసారి నేర్చుకునే పద్ధతిని 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే ప్రచురించారు. ఇలా మిగిలిన మెరుపులను దూరంలో మసకగా ఉన్న వస్తువు మీద పదేపదే వాడి సగటు తీయవచ్చు. నాలుగు కొలతల సగటు తీస్తే అటూ ఇటూ ఊగే పొరపాటు సగానికి తగ్గుతుంది.

తరగతి గదిలో చేసి చూద్దాం

గది వెనక నిలబడి బోర్డు ఉన్న వైపు బొమ్మ గీద్దాం. దాన్ని అడ్డంగా 20, నిలువుగా 15 గళ్లుగా, మొత్తం 300 గళ్లుగా విడదీద్దాం. ప్రతి గడి దూరాన్ని టేపుతో కొలవడానికి నిమిషం చొప్పున పడితే ఐదు గంటలు కావాలి.

ఇప్పుడు బొమ్మను చూసి ఆలోచిద్దాం. చదునైన తలాన్ని నిర్ణయించడానికి ఒకే గీత మీద లేని మూడు బిందువులు చాలు. గోడకు మూడు, బల్ల పైభాగానికి మూడు, బల్ల ముందు వైపుకు మూడు, తెరిచిన తలుపుకు మూడు, మొత్తం పన్నెండు. కుర్చీ కాళ్లకు, గ్లోబుకు, వస్తువుల అంచులకు మరో పద్దెనిమిది ఇద్దాం. 30 కొలతలు, అరగంట పని. పదో వంతు శ్రమతో గది ఆకారం దాదాపుగా తెలిసిపోతుంది.

కెమెరాను ఎంతవరకు నమ్మాలి?

నేల మీద పడిన చెట్టు నీడకు ఫోటోలో అంచు ఉంటుంది, దూరంలో మార్పు ఉండదు. అక్కడ కొన్ని మెరుపులు వృథా అవుతాయి, అంతే. అసలు ప్రమాదం దీనికి ఎదురు సందర్భంలో ఉంది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకున్న పిల్లవాడు నిలబడ్డాడనుకుందాం. ఫోటోలో అంచు సరిగా తెలియదు. ‘ఇదంతా గోడే’ అని కెమెరా చెప్పిన మాటను వాహనం పూర్తిగా నమ్మితే, అక్కడ ఒక్క మెరుపూ పంపకపోవచ్చు. రాత్రివేళ కెమెరా చూపు ఇంకా బలహీనం.

అందుకే మెరుపులన్నిటినీ కెమెరా చెప్పిన చోటికే పంపకూడదు. ఉదాహరణకు వందలో ఎనభై దాని మాట ప్రకారం వాడినా, ఇరవై దృశ్యమంతటా చల్లాలి. వాటిలో ఏదైనా ఊహించని దూరం చూపితే వెంటనే అక్కడ మళ్లీ కొలవాలి. పొదుపు చేయాల్సింది అనవసరమైన కొలతల్లోనే, జాగ్రత్తలో కాదు.

ఆలోచించండి

1. లేజరు మెరుపు 400 నానోసెకన్లలో తిరిగి వస్తే వస్తువు ఎంత దూరంలో ఉంది?
2. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో ఫోటో తీసిన సెకనులో పదో వంతు తర్వాత లేజరు కొలిచింది. ఈలోగా కారు ఎంత ముందుకు జరిగింది? దానివల్ల వచ్చే చిక్కు ఏమిటి?
3. బస్సు వెనక అతికించిన మనిషి బొమ్మను చూసి కెమెరా ఏమనుకోవచ్చు? లేజరు ఏం చెబుతుంది?