ప్యాకింగా, పేస్టా?

చి. మాధవికి,

క్లచ్ కవరు కింద ఆయిల్ చెమ్మ కనిపిస్తోందనీ, కొత్త ప్యాకింగ్ వేయాలో, పాతదాని మీదే పేస్టు పూస్తే సరిపోతుందో చెప్పమనీ రాశావు. షాపుల్లో దీనికి జవాబు చాలాసార్లు ట్యూబు రంగును బట్టి వస్తుంది. ఎర్రది వేడికి, నల్లది ఆయిల్‌కి అంటారు. నువ్వు ఆ లెక్క పట్టుకోకు. ఆయిల్‌ని నిజంగా ఆపేది బోల్టుల బిగింపు. రెండు అల్యూమినియం ముఖాలను అవి ఎంత సమంగా అదిమి పడితే అతుకు అంత బాగా నిలుస్తుంది. ఎంత బాగా చెక్కిన ముఖం మీదైనా కంటికి ఆనని గాళ్లు ఉంటాయి గనుక, వాటిని పూడ్చడానికి మధ్యలో ఏదో ఒకటి పెడతాం. ఆ ఏదో ఒకటి ఏమిటన్నది అతుకే చెబుతుంది: అక్కడ సందు ఎంత ఉండాలి, ఎందుకుండాలి, దాన్ని తాకేది ఆయిలా, పెట్రోలా?

ముందు సందు సంగతి. కాగితం ప్యాకింగ్‌ను కారకుండా ఆపే ముక్కగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. దాని మందం ఇంజిన్ కొలతల్లో ఒకటి. బోర్ కింద ప్యాకింగ్ మందం పెంచితే సిలిండర్ పైకి లేచి కంప్రెషన్ తగ్గుతుంది. తీసేస్తే పిస్టన్ హెడ్‌కు మరీ దగ్గరవుతుంది. సైడు కవర్లలోనూ అంతే. కవరే ఒక షాఫ్ట్ చివరను పట్టుకునే ఇంజిన్లలో, అర మిల్లీమీటరు ప్యాకింగ్ తీసేసి పేస్టుతో బిగిస్తే కవరు దాదాపు అంత మేరా లోపలికి జరుగుతుంది. షాఫ్ట్‌కు ఉండాల్సిన ఆట పోయి, బిగుసుకుపోయి అరుగుతుంది. అందుకే ప్యాకింగ్ ఉన్న చోట ప్యాకింగే, అదే మందంలో పడాలి.

దీనికి నువ్వు అడగబోయేది నాకు తెలుసు: కంపెనీలే కొన్ని ఇంజిన్లను ప్యాకింగ్ లేకుండా పేస్టుతోనే బిగిస్తున్నాయి కదా, మనం చేస్తే తప్పేమిటి? మంచి ప్రశ్నే. 1969లో వచ్చిన హోండా సీబీ 750నే చూడు. దాని క్రాంక్ కేసు అడ్డంగా, పై సగం కింది సగంగా విడుతుంది. క్రాంక్ బేరింగుల గుండ్రం సగం పైన, సగం కింద ఉంటుంది. ఆ మధ్యలో కాగితం పెడితే గుండ్రం కోలగా సాగి బేరింగ్ క్లియరెన్స్ చెడుతుంది. కాబట్టి అక్కడ పలచని పేస్టు తప్ప ఇంకేదీ పనికిరాదు. పేస్టు వాడటానికి కారణం అక్కడ సందు సున్నా ఉండాలని ముందే లెక్క వేసి ముఖాలు చెక్కడం. కాగితం మందానికి చోటు వదిలి చెక్కిన కవరుకు ఆ న్యాయం వర్తించదు.

మరి ప్యాకింగ్ వేసి, భరోసా కోసం దాని మీద సిలికాన్ పేస్టు కూడా పూస్తే? ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే అలవాటు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేదీ ఇదే. తడి సిలికాన్ జారుడు పదార్థం. బోల్టులు బిగుస్తుంటే కాగితం దాని మీద జారి, బోల్టుకీ బోల్టుకీ మధ్య పక్కకు పొంగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనబడదు. కవరు బిగించాక బయటికి పొంగిన పేస్టును గుడ్డతో తుడిచేస్తాం. లోపలికీ అంతే పొంగి ఉంటుంది, దాన్ని తుడిచేవాళ్లు లేరు. ఆ పూస ఎప్పుడో తెగి ఆయిల్‌లో పడుతుంది. పంపు జల్లెడకు అంటుకుంటుంది, లేదా హెడ్‌కు వెళ్లే సన్నని దారిలో ఇరుక్కుంటుంది. ఆయిల్ అందక క్యామ్, రాకర్లు పాడవుతాయి. చుక్క ఆయిల్ కారకుండా ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకోవడం అంటే ఇదే.

పేస్టు నిజంగా అవసరమైన చోట్లు లేకపోలేదు. మాగ్నెట్ కవరులోంచి వైరు బయటికొచ్చే రబ్బరు చుట్టూ, రెండు చాంబర్ల (క్రాంక్ కేసు సగాల) అతుకు కవరు ముఖాన్ని కలిసే మూల దగ్గర మాన్యువల్ చెబితే చిన్న చుక్క, ప్యాకింగ్ లేకుండానే తయారైన ముఖాల మీద సన్నని గీత. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పైన పొర కట్టకముందే కవరు కూర్చోవాలి, పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి. వెనిగర్ వాసన కొట్టే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, దాన్ని రాగి వైండింగ్ దగ్గరికి రానివ్వకు. పెట్రోల్ తగిలితే సిలికాన్ ఉబ్బి ఊడిపోతుంది కాబట్టి కార్బొరేటర్ గిన్నెకు వద్దే వద్దు. గాలి అందని చోట, లోహం తగిలి గట్టిపడే రకం పేస్టు ఇంకొకటుంది. అది గట్టి, చదునైన, సందు బాగా తక్కువ ఉన్న ముఖాలకే. ఓ-రింగు ఉన్న చోట ఏ పేస్టూ అక్కర్లేదు, కొద్దిగా ఆయిల్ రాస్తే చాలు.

ఇక అసలు పని ముఖం దగ్గరుంది. పాత ప్యాకింగ్‌ను స్క్రూడ్రైవర్‌తో గీకితే మెత్తని అల్యూమినియం మీద గాడి పడుతుంది. గోరు దాని మీదుగా నడిపి చూడు. అంచు వెంట పారే గీత అంత హాని చేయదు. లోపలి నుంచి బయటికి అడ్డంగా పోయే గీత గోటికి తగిలిందంటే అదే ఆయిల్‌కు కాలువ. మందమైన గాజు పలక మీద కవరు బోర్లించి, చుట్టూ 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ పెట్టి చూడు. ఎక్కడైనా దూరితే కవరు వంగినట్టే, అప్పుడు ఏ ప్యాకింగ్‌నూ తప్పు పట్టలేం. బోల్టులు వేర్వేరు పొడవులుంటాయి. పొట్టిదాని రంధ్రంలో పొడుగుది పడితే అడుగు తన్ని ఆగిపోతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, కవరు మాత్రం నొక్కుకోదు. విప్పేటప్పుడే అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, వేటి చోట వాటిని గుచ్చి పెట్టు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా చెప్పే బిగింపు 10 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే 20 సెంటీమీటర్ల రెంచి చివర అయిదు కిలోల బరువు. కారుతోందని ఇంకాస్త తిప్పితే అల్యూమినియం మరలే పోతాయి. ఎదురెదురు బోల్టులను రెండు మూడు విడతల్లో బిగించు.

ప్యాకింగ్ దొరకని ఊళ్లో, బండి సాయంత్రానికి కావాలంటే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. దానికీ జవాబు పేస్టు కాదు, ప్యాకింగ్ షీటు. పాతదాంట్లో నలగని చోట మందం కొలిచి, అదే మందం షీటు తెచ్చి కత్తెరతో కోయి. కవరు అంచు మీద షీటు పెట్టి సుత్తితో కొట్టి కోసే పద్ధతి చూసే ఉంటావు. ఆ దెబ్బలకు అంచు గుండ్రబడి ముఖం సన్నగిలుతుంది. ఆయిల్ దారి రంధ్రాలు ఒక్కటి కూడా మరిచిపోకూడదు, మూసుకుపోతే పైకి ఆయిల్ అందదు.

నీ బండి విషయంలో ఇంకో పని మిగిలింది. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా చాంబర్‌లో గాలి నొక్కుకుంటుంది, అది పోవడానికే బ్రీదర్ పైపు. అది మట్టితోనో, మడతపడో మూసుకుంటే ఆ ఒత్తిడి బలహీనంగా ఉన్న అతుకు గుండా ఆయిల్‌ను నెడుతుంది. కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ చెమ్మ వస్తుంది. కవరు మీద చెయ్యి వేయకముందు ఆ పైపు ఊడదీసి ఊది చూసి, ఏం తేలిందో రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న