ఘాట్ దిగే ముందు: కారు వెనుక బ్రేక్ ప్యాడ్ల మార్పిడి

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుండి సునాబేడ, పొట్టంగి మీదుగా సాలూరుకు సాగే 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్ మలుపులలో ఆ ఎత్తును దిగుతుంది. పండుగలకు విజయనగరం వైపు వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇదే దారి. దిగుడులో కారు వేగాన్ని అణచే ప్రతిసారీ ఆ శక్తి బ్రేకులలో వేడిగా మారుతుంది. ప్యాడ్లు అరిగి పలుచబడితే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు సులభంగా చేరుతుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి, బ్రేకు పట్టదు.

అనేక చిన్న కార్లకు వెనుక డిస్కు కాక డ్రమ్ము ఉంటుంది. కాబట్టి ముందుగా ఆ సంగతి నిర్ధారించుకోవాలి. డిస్కు ఉన్న కార్లలో ప్యాడ్ రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు చేరువైతే మార్చడం మేలు. కచ్చితమైన పరిమితి వాహన పుస్తకంలో ఉంటుంది.

పని క్రమం

1. కారును చదునైన నేలపై నిలిపి, గేరులో ఉంచి, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. తరువాత హ్యాండ్‌బ్రేక్ విడవాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే దానిని సర్వీస్ స్థితికి మార్చనిదే పని మొదలుపెట్టరాదు.

2. చక్రపు నట్లు కొద్దిగా వదులు చేసి, జాకీతో ఎత్తి, స్టాండుపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి పని చేయరాదు.

3. క్యాలిపర్ బోల్టులు విప్పి, దానిని తీగతో కట్టి వేలాడదీయాలి. బరువు బ్రేక్ గొట్టంపై పడరాదు.

4. పాత ప్యాడ్లు తీసి, డిస్కు మందాన్ని కొలవాలి. దుమ్మును గాలితో ఊదరాదు. అది ఊపిరితిత్తులకు హానికరం.

5. కేబుల్ హ్యాండ్‌బ్రేక్ క్యాలిపర్‌లోనే కలిసి ఉన్న కార్లలో పిస్టన్‌ను తగిన పనిముట్టుతో తిప్పుతూ లోనికి పంపాలి. బిగింపుతో నేరుగా నొక్కితే లోపలి యంత్రాంగం చెడుతుంది. అప్పుడు ఆయిల్ డబ్బా పొంగకుండా చూడాలి.

6. కొత్త ప్యాడ్లను రెండు వైపులా ఒకేసారి వేసి, బోల్టులను నిర్దేశిత బిగువుకు బిగించాలి.

కారు కదిలించక ముందే పెడల్ గట్టిపడే వరకు పలుమార్లు నొక్కాలి. ఇది మరచితే మొదటి నొక్కుకు బ్రేకు పడదు. తరువాత ఖాళీ రోడ్డుపై తక్కువ వేగంలో నెమ్మదిగా ఆపుతూ ప్యాడ్లను కుదురుకోనివ్వాలి. ఆ తరువాతే ఘాట్ ప్రయాణం. దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజన్ పట్టును వాడుకోవాలి. అనుభవం లేనివారు ఈ పనిని మెకానిక్‌కు అప్పగించడమే క్షేమం.