కనిపించని దెబ్బ

పిల్లలూ! ఖతరు దేశంలో బర్వా అల్ బరాహా అనే చోటు ఉంది. దోహా పారిశ్రామిక ప్రాంతంలో పనిచేసే వేలాది కార్మికుల వసతి అది. ఇలాంటి చోట ఉండేవారి భార్యాబిడ్డలు స్వదేశంలోనే ఉంటారు.

అక్కడ ఉండే ఒక తండ్రిని ఊహించుకోండి. శుక్రవారం ఆయనకు సెలవు. సాయంత్రం జగిత్యాల దగ్గరి తన ఊరికి ఫోను చేశాడు.

“బిడ్డా, బడికి పోతున్నవా?”

“పోతున్న నాయినా” అంది ఎనిమిదో తరగతి చదివే కూతురు.

అది అబద్ధం. కడుపునొప్పి అని చెప్పి ఆమె మూడు రోజులుగా ఇంట్లోనే ఉంటున్నది.

ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. “వాళ్ళ నాయిన ఇంక తిరిగి రాడట” అని ఒక పిల్ల మరో పిల్ల చెవిలో ఊదింది. మధ్యాహ్నానికి ఆ మాట తరగతి అంతా పాకింది. అన్నాల వేళ పక్కవారు పళ్ళేలు తీసుకొని దూరంగా జరిగారు. “దానితో మాట్లాడితే నీతో కటీఫ్” అన్న బెదిరింపు మిగిలిన వారి నోళ్ళు కట్టేసింది. ఉపాధ్యాయులమైన మాకు ఇది తొందరగా కనబడదు. మా కళ్ళు వాతలకూ గాయాలకూ అలవాటు పడ్డాయి.

స్నేహాన్నే ఆయుధం చేసుకొని బాధించడం ఇది. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రభేదం గుర్తున్నదా? దమనకుడు ఎవరినీ గోటితో కూడా గీరలేదు. సింహం చెవిలో ఒక మాట, ఎద్దు చెవిలో ఒక మాట వేశాడు. సంజీవకుని ప్రాణం పోయింది.

1995లో అమెరికాలో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ అనే పరిశోధకులు మూడు నుంచి ఆరో తరగతి వరకు చదివే 491 మంది పిల్లలను పరిశీలించారు. తోటివారిని ఇలా బాధించే పిల్లలలోనే ఒంటరితనం, దిగులు ఎక్కువగా కనిపించాయి. దిగులు వల్ల బాధించారా, బాధించినందువల్ల దిగులు వచ్చిందా అన్నది ఆ ఒక్క పరిశీలనతో తేలదు.

ఇది ఆడపిల్లల బుద్ధి అని కొందరు చులకన చేస్తారు. 2008లో 148 అధ్యయనాలను కలిపి చూస్తే ఆడ మగ తేడా చాలా స్వల్పమని తేలింది. క్రికెట్టు జట్టులోకి ఒకణ్ణి రానీయకుండా మిగిలినవారు గుట్టుగా కూడబలుక్కోవడం మాత్రం ఏమిటి?

మీ వయసులో మరో చిక్కు ఉంది. ఇలా బాధించేవారికి తరగతిలో పలుకుబడి పెరగవచ్చు. పలుకుబడి వేరు, ఇష్టం వేరు. రేపు తమ వంతు వస్తుందేమోనన్న భయంతో చుట్టూ చేరేవారూ ఉంటారు.

ఆ అన్నాల వేళ మీరు అక్కడే ఉన్నారనుకోండి. ఎవరితోనూ తగవు పడనక్కరలేదు. పళ్ళెం తీసుకొని ఆ పిల్ల పక్కన కూర్చోవచ్చు. నిన్నటి లెక్క ఎలా చేశావని అడగవచ్చు. జరిగినది ఉపాధ్యాయునికి చెప్పవచ్చు. అది చాడీ కాదు.

వచ్చే శుక్రవారం బర్వా అల్ బరాహా నుంచి మళ్ళీ ఫోను వస్తుంది. అప్పుడు ఆ తండ్రీ కూతుళ్ళు ఏమి మాట్లాడుకుంటారో పది వాక్యాలలో రాయండి.