విదేశం వెళ్లే మన నాయకులకు కొన్ని అనుభవ పాఠాలు

తెనాలిలో ఏ వీధికి వెళ్లినా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న ఇల్లు తగులుతుంది. బాపట్ల, రేపల్లె కూడా అంతే. ఆ పిల్లల సంఘాలు పిలుస్తాయి, మన నాయకులు విమానం ఎక్కుతారు. సచివాలయంలో ప్రోటోకాల్ పనులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి ప్రయాణానికి ముందు కొందరు మా ఇంటికి వస్తారు. "సూటు వేసుకోవాలా బాబాయ్?" అన్నదే చాలామంది మొదటి ప్రశ్న. దానికి జవాబు చివర్లో చెబుతాను. అంతకంటే ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

1. ఇక్కడ జారిన నోటికి అక్కడ జవాబు చెప్పుకోవాలి.

2022 జూన్ మొదటి వారంలో ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గబాన్, సెనెగల్ పర్యటన ముగించుకొని ఖతార్ చేరారు. అంతకు కొద్దిరోజుల ముందు ఒక టీవీ చర్చలో అధికార పక్షం ప్రతినిధి మహమ్మద్ ప్రవక్త మీద చేసిన వ్యాఖ్య అరబ్బు దేశాల్లో అగ్గి రాజేసింది. జూన్ 5న, మన ఉపరాష్ట్రపతి ఆ గడ్డ మీద ఉండగానే, ఖతార్ విదేశాంగ శాఖ మన రాయబారిని పిలిపించి బహిరంగ క్షమాపణ కోరింది. డిప్యూటీ అమీర్ ఇవ్వాల్సిన విందు రద్దయింది. కొవిడ్ అని కారణం చెప్పారు. వెంకయ్యనాయుడి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. అయినా ఆయన చిన్నబుచ్చుకోకుండా, మాట తూలకుండా, ఖతార్ ప్రధానితో చర్చలూ అక్కడి భారతీయులతో సమావేశమూ నిబ్బరంగా ముగించుకొని వచ్చారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ వారంలోనే.

కానీ అసలు బాధ ఆయనది కాదు. ఆ దేశంలో బతుకుతున్న మనవాళ్లు 7 లక్షలకు పైమాటే. మేస్త్రీలు, డ్రైవర్లు, నర్సులు, ఇంటి పనికి వెళ్లిన ఆడపడుచులు. స్టూడియోలో కూర్చుని అన్న మాటకు మరునాడు యజమాని ముందు తల దించుకోవాల్సింది వాళ్లు. నాయకుడి నోటి దురుసుకు అసలు మూల్యం చెల్లించేది ఎవరో ఎప్పుడూ మరిచిపోకండి.

2. మన కొట్లాట మన ఊళ్లోనే ఉండాలి.

1994లో కశ్మీర్ మానవ హక్కుల పేరుతో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘంలో పాకిస్తాన్ మన మీద తీర్మానం పెట్టింది. అప్పుడు ప్రధాని మన పీవీ నరసింహారావు. ఆయన చేసిన పని చూడండి. ప్రతినిధి బృందానికి నాయకుడిగా లోక్‌సభలో ప్రతిపక్ష నేత వాజపేయిని పంపారు. వెంట సల్మాన్ ఖుర్షీద్, ఫరూక్ అబ్దుల్లా ఉన్నారు. ఓటింగు దాకా రాకుండానే పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది. తనను రోజూ పార్లమెంటులో నిలదీసే మనిషికి దేశం పరువు అప్పగించడానికి పీవీకి ఎంత గుండె కావాలి! ఆ బాధ్యతను భుజాన వేసుకోవడానికి వాజపేయికి ఎంత మనసు కావాలి!

2025 మే, జూన్ నెలల్లో ఆపరేషన్ సిందూర్ తర్వాత 7 అఖిలపక్ష బృందాలు దేశదేశాలకు వెళ్లాయి. ఒకప్పుడు బాపట్ల ఎంపీగా ఉన్న దగ్గుబాటి పురందేశ్వరి ఐరోపాకు, నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు ఖతార్, ఈజిప్టు, దక్షిణాఫ్రికా వైపు, హరీష్ బాలయోగి అమెరికాకు, అసదుద్దీన్ ఒవైసీ గల్ఫ్‌కు. ఇక్కడ టీవీల్లో ఒకరినొకరు ఏకిపారేసుకునే పార్టీలవాళ్లు అక్కడ ఒకే మాట మాట్లాడారు.

అదే మనవాళ్లు తెలుగు సంఘాల సభకు వెళ్తే ఏమవుతుందో ఏమో! మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక సభ చూశాను. ఆ ఊరి మేయరు మన మీద గౌరవంతో వచ్చి వేదిక మీద కూర్చున్నాడు. మన నాయకుడు మైకు పట్టుకొని, మేయరుకు అర్థంకాని తెలుగులో, అరగంట సేపు సొంత నియోజకవర్గపు ప్రత్యర్థిని తిట్టాడు. కింద నుంచి ఈలలు, పార్టీ కండువాలు. ఆ పెద్దమనిషి మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం నేను ముందు వరుసలోంచి చూశాను. మళ్లీ పిలిస్తే వస్తాడా ఆయన?

3. చేతిలోని కాగితం ఎవరిదో చూసుకోండి.

2011 ఫిబ్రవరి 11న భద్రతా మండలిలో మన విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ పోర్చుగల్ మంత్రి ప్రసంగాన్ని తనదనుకొని కొన్ని నిమిషాలు చదివారు. ఐక్యరాజ్యసమితిలో మన రాయబారి హర్దీప్ పూరి ఆపి చెప్పేదాకా తెలియలేదు. అనుభవం తక్కువైన మనిషి కాదు, కర్ణాటకకు ముఖ్యమంత్రిగా చేసినవారు. కాగితాన్ని ముందు రాత్రి ఒక్కసారి చదువుకుని ఉంటే ఆ అవమానం తప్పేది.

తొందరపాటు పీవీ అంతటివారిని కూడా వదల్లేదు. 1991 ఆగస్టులో మాస్కోలో కుట్రదారులు సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను పక్కకు నెట్టినప్పుడు, సంస్కరణల్లో మరీ వేగంగా పరిగెత్తేవాళ్లకు ఇదొక హెచ్చరిక అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. మూడు రోజుల్లో కుట్ర కూలిపోయింది, గోర్బచేవ్ తిరిగొచ్చారు. ఇరుగుపొరుగు దేశాల్లో ఏదైనా జరిగితే ఫేస్‌బుక్‌లో గంటలోపు వ్యాఖ్య పెట్టే కుర్ర నాయకులు ఇది గుర్తుంచుకోవాలి.

4. చేతులు దగ్గర పెట్టుకోండి.

1952లో మాస్కో నుంచి వీడ్కోలు తీసుకుంటూ మన రాయబారి సర్వేపల్లి రాధాకృష్ణన్ స్టాలిన్ చెంప నిమిరారని చెబుతారు. స్టాలిన్ కరిగిపోయాడట. 2006లో జీ8 సమావేశంలో అమెరికా అధ్యక్షుడు బుష్ వెనక నుంచి వచ్చి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ భుజాలు పిసికితే ఆమె ఉలిక్కిపడ్డారు, ప్రపంచమంతా ఛీ అంది. రాధాకృష్ణన్ చేతిలో తాతగారి ఆప్యాయత ఉంది, వెనక రెండున్నరేళ్లకు పైగా సంపాదించుకున్న నమ్మకం ఉంది. అది లేనివాళ్లు నమస్కారంతో సరిపెట్టుకోవడం మంచిది. సెల్ఫీ కోసం మహిళా మంత్రి భుజం మీద చేయి వేయడం ఏ దేశంలోనూ మర్యాద కాదు, మన దేశంలో కూడా.

రాధాకృష్ణన్ మాట పొందిక కూడా నేర్చుకోవాల్సిందే. 1963 జూన్‌లో రాష్ట్రపతి హోదాలో వైట్‌హౌస్‌కు వెళ్తే వాన కురుస్తోంది. వాతావరణం బాగాలేదని కెనెడీ నొచ్చుకుంటే, జరిగేవి మన చేతిలో లేకపోయినా వాటిని చూసే తీరు మన చేతిలోనే ఉందని అన్నారు. ఆతిథేయి ఇబ్బందిని ఒక్క మాటతో తుడిచేశారు.

5. టికెట్టు కొన్నది ఎవరు?

ఇది ఎవరూ అడగరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే, ఎంపీ, ప్రభుత్వ ఉద్యోగి విదేశీ సంస్థ ఖర్చుతో ప్రయాణించినా, బస చేసినా కేంద్ర హోంశాఖ అనుమతి ముందే ఉండాలి. అమెరికాలో రిజిస్టరైన తెలుగు సంఘం మన పిల్లలదే కావచ్చు, చట్టం కంటికి అది విదేశీ సంస్థే. ఆహ్వాన పత్రం జతచేసి, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు చేరాలి. అకస్మాత్తుగా జబ్బుపడి వైద్యం చేయించుకుంటే మాత్రం తర్వాత నెలలోపు తెలియజేయవచ్చు. ఇంకొకటి, ఎంపీల చేతిలోని దౌత్య పాస్‌పోర్టు దానంతటదే ఏ రక్షణా ఇవ్వదు. ఆ దేశం దౌత్య సిబ్బందిగా గుర్తించినవారికే 1961 వియన్నా ఒప్పందం వర్తిస్తుంది. ఎయిర్‌పోర్టులో సంచి విప్పమంటే విప్పండి. ఆవకాయ సీసా ఉంటే ఉందని ఫారంలో రాయండి.

6. పెట్టిన సంతకం పార్టీది కాదు, రాష్ట్రానిది.

తెనాలికి దగ్గర్లోనే అమరావతి. అక్కడ స్టార్టప్ ఏరియా కోసం సింగపూర్ సంస్థలతో కుదిరిన ఒప్పందం ప్రభుత్వం మారాక 2019 నవంబరులో రద్దయింది. 2025 జులైలో ముఖ్యమంత్రి చంద్రబాబు సింగపూర్ వెళ్లి పోయిన నమ్మకాన్ని మళ్లీ అడుక్కోవాల్సి వచ్చింది. ఒప్పందంలో లోపాలుంటే కూర్చుని సరిదిద్దుకోవచ్చు. వచ్చిన అతిథిని ఉత్త చేతులతో పంపడం మాత్రం నా దృష్టిలో పెద్ద అమర్యాద. ఈ మాట అన్ని పార్టీలకూ చెబుతున్నాను.

7. ఇక సూటు సంగతి.

వెంకయ్యనాయుడు పంచెకట్టుతోనే దేశాలు తిరిగారు. ఇస్త్రీ చేసిన బట్టలు, ఇచ్చిన సమయానికి అయిదు నిమిషాలు ముందు హాజరు. ఇంతకంటే ఎవరూ ఏమీ అడగరు. పదిమందికి పది శాలువాలు కప్పి వాళ్ల సమయం తినకండి. మంగళగిరి చేనేత వస్త్రం ఒకటి చాలు.

ఒక్క మనవి. గల్ఫ్ వైపు వెళ్తే రాయబార కార్యాలయానికి ముందే ఫోన్ చేసి, ఒక పూట మన కార్మికులుండే క్యాంపులకు కేటాయించండి. జబ్బున పడ్డవాళ్లు, జీతం రానివాళ్లు, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకున్నవాళ్లు ఎంతమందో కనుక్కోండి. ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి 2009లో మొదలైంది, ఇప్పుడు మన ప్రతి రాయబార కార్యాలయంలో ఉంది. దాంతో వాళ్లకు టికెట్టు కొనివ్వవచ్చు, చనిపోయినవాళ్లను ఇంటికి చేర్చవచ్చు. అడిగేవాళ్లు లేక చాలామందికి ఆ సంగతే తెలియదు. మీరు అడగండి.