అవతలివాడి ఆట చూడండి

1962 డిసెంబరు 26. ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌, రోకర్ పార్క్ మైదానం. చలికి నేల బిగుసుకుపోయి ఉంది. బంతి కోసం పరుగెత్తిన సండర్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్రయాన్ క్లఫ్ బరీ జట్టు గోల్‌కీపర్‌ను ఢీకొని కూలిపోయాడు. మోకాలి లిగమెంట్లు తెగాయి. అప్పటికి అతనికి 27 ఏళ్లు. దాదాపు రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడగలిగాడు. 274 లీగ్ మ్యాచ్‌ల్లో 251 గోల్స్ కొట్టిన మనిషికి 29 ఏళ్లకే ఆట ముగిసిపోయింది.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నా చెయ్యి గొంతు మీదికి పోతుంది. పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాణ్ణి. పై స్థాయిలో రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. గొంతు దెబ్బతిన్నాక, ఇక ఆ శ్రుతి మాట మరిచిపోమన్నారు డాక్టరుగారు. నా వేషం ఒక కుర్రాడికి వెళ్లింది. వాడు బాగా పాడిన రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. తడబడిన రాత్రి పట్టేది. ఈ మాట రాయడం ఇవాళ్టికీ కష్టంగానే ఉంది.

ఉద్యోగం పోయిందనో, ఆరోగ్యం పోయిందనో తలుపులు వేసుకుని కూర్చున్నారా? మీ దుఃఖం నిజమే, దానికి కొన్నాళ్లు ఇవ్వండి. కానీ దాన్నే ఉద్యోగం చేసుకోకండి! నేను ఆటగాణ్ణి తప్ప మరేమీ కాను అనుకునేవాడికి ఆట ఆగినప్పుడు దెబ్బ మరింత గట్టిగా తగులుతుందని క్రీడా మనస్తత్వ నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నడివయసులో మనిషి తర్వాతి తరాన్ని పెంచే పనిలో పడకపోతే ఎండిపోతాడని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ కూడా అన్నాడు.

క్లఫ్ కూడా కుమిలిపోయాడు. అప్పటి సండర్లాండ్ మేనేజర్ జార్జ్ హార్డ్‌విక్ అతన్ని పిలిచి కుర్రాళ్ల జట్టుకు తర్ఫీదు ఇమ్మన్నాడు. నా ఉద్దేశంలో అతను బతికి బయటపడింది అక్కడే. అన్నాళ్లూ తన మోకాలినే చూసుకున్న కళ్లు ఇంకొకరి కాళ్లను చూడటం మొదలుపెట్టాయి. 1965లో, 30 ఏళ్లకే, నాలుగో డివిజన్లో అడుగున పడి ఉన్న హార్టిల్‌పూల్స్‌కు మేనేజరయ్యాడు. డబ్బుల్లేని క్లబ్బు కావడంతో జట్టు బస్సు తోలడానికి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. అక్కడే జాన్ మెక్‌గవర్న్ అనే పదహారేళ్ల కుర్రాడికి అవకాశమిచ్చాడు. 1979లోనూ 1980లోనూ, క్లఫ్ మేనేజరుగా ఉన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుకు కెప్టెన్‌గా యూరోపియన్ కప్పు ఎత్తింది ఆ కుర్రాడే. జాన్ రాబర్ట్‌సన్‌దీ అలాంటి కథే. క్లఫ్ వచ్చేనాటికి ఫారెస్ట్‌లో ఓ మూలన పడి ఉన్నవాడు, 1979 మ్యూనిక్ ఫైనల్లో ఏకైక గోల్‌కు బంతి అందించాడు, మరుసటి ఏడు మాడ్రిడ్ ఫైనల్లో ఏకైక గోల్ తానే కొట్టాడు.

వైద్యుడి మాట వినండి, ఖర్చుల లెక్క రాయండి, కొత్త పనికి కావలసిన సర్టిఫికెట్ తెచ్చుకోండి, వేళకు తినండి. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను ప్రాణం పెట్టి చెప్పేది ఒక్కటే: పడుకోబోయే ముందు చిన్న నోటుపుస్తకంలో, ఆ రోజు అవతలివాడు బాగా చేసిన పని ఒకటి రాయండి. పేరు పెట్టి రాయాలి. "బాగా పాడాడు" అంటే చెల్లదు. ఎక్కడ ఊపిరి తీశాడు, ఏ పాదం దగ్గర ఆగాడు, ఆ ఆగడంతో అర్థం ఎలా పలికింది, ఇవి రాయాలి. అంత వివరంగా రాయాలంటే చచ్చినట్టు చూడాలి. అసూయపడేవాడు చూస్తున్నాననుకుంటాడు గానీ, తప్పు కోసం కాచుకుని ఉంటాడు. నా పుస్తకంలో మొదటి పేజీలు చేదుగా ఉన్నాయి, ఒక మెచ్చుకోలు వెనక నాలుగు వంకలు. మీవీ అలాగే ఉంటాయి, భయపడకండి. రాస్తూ పోగా పోగా, నా వేషం కట్టిన ఆ కుర్రాడు మంద్రంలో నాకన్నా బాగా పలుకుతాడని నా చేత్తోనే రాశాను. మర్నాడు వాడికి చెప్పాను. వాడు నా దగ్గరకొచ్చి పై స్థాయి ఎలా అందుకోవాలో అడిగాడు. నాటకానికి దర్శకత్వం వహించడం నాకు ఆ రోజే మొదలైంది.

రాసి దాచుకుంటే సగం పనే. మర్నాడు ఆ మనిషికి చెప్పి తీరాలి, ముఖ్యంగా పక్కనే ఉన్నవాళ్లకి. క్లఫ్ వెంట మొదటినుంచీ పీటర్ టేలర్ ఉన్నాడు, మిడిల్స్‌బ్రోలో కలిసి ఆడిన గోల్‌కీపర్. ఎవరిలో ఏముందో పసిగట్టడంలో దిట్ట. 1983లో, డార్బీ క్లబ్బు మేనేజర్‌గా ఉన్న టేలర్ తనకు చెప్పకుండా ఫారెస్ట్ నుంచి రాబర్ట్‌సన్‌ను తీసుకున్నాడని క్లఫ్ మాటలు మానేశాడు. 1990లో టేలర్ పోయేదాకా రాజీ కుదరలేదు. తర్వాత క్లఫ్ తన ఆత్మకథను టేలర్‌కే అంకితమిచ్చి, నువ్వు లేని లోటు తెలుస్తోందని రాసుకున్నాడు. అది చదవడానికి టేలర్ లేడు. అందుకే నేను మెచ్చుకోలును మర్నాటికి మించి నా దగ్గర ఉంచుకోను. ఆ కుర్రాడు ఏ ఊళ్లో ప్రదర్శనలో ఉన్నా సరే, ఫోన్ చేసి చెబుతాను.