పెద్దాసుపత్రికి రాసేస్తే బాధ్యత తీరదు

ప్రశ్న: అర్ధరాత్రి మా నాన్నగారికి గుండెనొప్పి వస్తే ఊళ్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏదో ఇంజెక్షన్ చేసి, ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అన్నారు. ఏం మందిచ్చారో రాసివ్వలేదు, ఈసీజీ కాగితమూ ఇవ్వలేదు. అక్కడికెళ్తే పడకలు లేవన్నారు. మూడో చోట చేర్చుకున్నాక గండం గడిచింది. ఇలా పంపేయవచ్చా? మేమేం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: తమ దగ్గర సదుపాయం లేనప్పుడు మరో ఆసుపత్రికి పంపడం తప్పు కాదు. పంపిన తీరే తప్పు. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషి ప్రాణం కాపాడేందుకు ప్రయత్నించడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి విధి అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. తెలంగాణలో అమలవుతున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా, ఉన్న సిబ్బందితో, సదుపాయాలతో రోగి పరిస్థితిని నిలకడకు తేవాలంటోంది.

ఆసుపత్రుల మధ్య సమన్వయం గురించి 1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు అందరూ తెలుసుకోవాల్సింది. 1992లో రైలు నుంచి పడి తలకు తీవ్ర గాయమైన వ్యక్తిని కోల్‌కతాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోలేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రే దిక్కయింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు తేల్చింది. రూ.25 వేల పరిహారం ఇప్పించింది. ఎక్కడ పడక ఖాళీగా ఉందో తెలుసుకుని రోగిని నేరుగా అక్కడికే పంపేలా రాష్ట్ర స్థాయిలో సమాచార వ్యవస్థ ఉండాలని కూడా చెప్పింది. పడక వెతుక్కుంటూ తిరగాల్సింది రోగి బంధువులు కాదన్నదే దీని సారం.

కాగితం ఇవ్వకపోవడం అంతకన్నా ప్రమాదకరం. రక్తపు గడ్డను కరిగించే మందు ఇప్పటికే ఇచ్చారన్న సంగతి రెండో డాక్టరుకు తెలియకపోతే, అలాంటిదే మళ్లీ ఇస్తే తీవ్ర రక్తస్రావం కావచ్చు. అందుకే రోగిని పంపేటప్పుడు వీటిని అడిగి తీసుకోండి:

• వ్యాధి వివరం, ఇచ్చిన మందులు, మోతాదు, సమయం, పంపడానికి కారణం రాసిన రిఫరల్ లేఖ
• ఈసీజీ, స్కాన్, రక్తపరీక్షల నకళ్లు
• అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి పడక ఉందని నిర్ధారించుకున్నారా? ఎవరితో మాట్లాడారు?
• దారిలో ఆక్సిజన్, సిబ్బంది ఉన్న అంబులెన్సు. లేకుంటే 108కి ఫోన్ చేయండి.

ఇక మీరు చేయాల్సింది. మొదటి ఆసుపత్రికి రికార్డులు కోరుతూ అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి చెబుతోంది. ఇవ్వకపోతే జిల్లా వైద్య, ఆరోగ్య అధికారికి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బు తీసుకుని వైద్యం చేసిన ఆసుపత్రిపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. అయితే పరిహారం రావాలంటే వారి నిర్లక్ష్యం వల్ల మీకు జరిగిన నష్టాన్ని రుజువు చేయాలి. కాబట్టి మూడో ఆసుపత్రి డాక్టరు రాసిన వివరాలు, బిల్లులు, ఎక్కడికి ఏ వేళకు చేరారన్న వివరం భద్రపరచండి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి రావు. రెండో ఆసుపత్రి అలాంటిదైతే మానవ హక్కుల కమిషన్‌ను గానీ, హైకోర్టును గానీ ఆశ్రయించవచ్చు. లాయరు ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కాబట్టి ఆ సహాయానికి అర్జీ మీ పేరు మీదే పెట్టండి.